పలక మీద మొదలయ్యే హక్కు

(సికింద్రాబాద్‌లో తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, పాఠశాలల నిర్వాహకులు పాల్గొన్న సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఇటువంటి సభలలో మనం సాధారణంగా రిజర్వేషన్ల గురించి, ఉపకార వేతనాల గురించి, వక్ఫ్ ఆస్తుల గురించి మాట్లాడుకుంటాము. అవన్నీ మాట్లాడుకోవలసినవే. ఈరోజు నాకు అప్పగించిన విషయం మాత్రం చూడటానికి చిన్నది. ఆరేళ్ల నుండి పదేళ్ల వరకు ఉన్న పిల్లలకు పాఠం ఎలా చెప్పాలి? ఇది ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చర్చించుకోవలసిన సంగతి కదా, హక్కుల వేదిక మీద దీనికేమి పని అని కొందరికి అనిపించవచ్చు.

పని ఉంది. వెనుకబడిన ముస్లిం వర్గాలకు విద్యలో, ఉద్యోగాలలో 4 శాతం రిజర్వేషను ఉంది. దానిని నిలుపుకోవడానికి ఏళ్ల తరబడి న్యాయస్థానాల చుట్టూ తిరుగుతున్నాము. ఆ 4 శాతంలో ఒక సీటు అందుకునేది ఎవరు? ఇంటర్మీడియెట్ గట్టెక్కినవారు. ఇంటర్మీడియెట్ గడప తొక్కేది ఎవరు? పదో తరగతి దాటినవారు. మూడో తరగతిలోనే చదవడం రాక వెనుకబడి, ఏడో తరగతిలో బడి మానేసి, స్కూటర్ మెకానిక్ దగ్గర పనికి కుదిరిన పిల్లవానికి ఆ 4 శాతం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఆరు నుండి పద్నాలుగేళ్ల ముస్లిం పిల్లలలో నూటికి 25 మంది అసలు బడి ముఖం చూడనివారో, చూసి మధ్యలో మానేసినవారో అని 2006లో సచార్ కమిటీ నివేదిక చెప్పింది. మదర్సాలలో మాత్రమే చదివేవారు నూటికి నలుగురికి మించరని కూడా అదే నివేదిక చెప్పింది. అంటే మన పిల్లలలో అత్యధికులు మామూలు బడులకే వెళ్తున్నారు, అక్కడి నుండే జారిపోతున్నారు. కాబట్టి ఆ బడిలో, ఆ తరగతి గదిలో ఏమి జరుగుతున్నదో చూడటం హక్కుల ఉద్యమానికి బయటి పని కాదు.

బడి మానేయడానికి కారణం పేదరికమే అంటాము. అందులో నిజం ఉంది గాని, అదే పూర్తి నిజం కాదు. దీనికి సాక్ష్యం కోసం దూరం వెళ్లనక్కరలేదు. మన సికింద్రాబాద్ మారేడ్‌పల్లి నుండే పనిచేస్తున్న మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1991 నుండి రంగారెడ్డి జిల్లా గ్రామాలలో పనిలో ఉన్న పిల్లలను బడికి తెచ్చే ఉద్యమం నడిపింది. బడిలో లేని ప్రతి పిల్లవాడూ బాలకార్మికుడే అన్నది వారి సూత్రం. పశువుల వెంట, పొలాలలో తిరిగిన పదేళ్ల, పన్నెండేళ్ల పిల్లలను శిబిరాలలో కూర్చోబెట్టి కొన్ని నెలల పాటు చదువు చెప్పి, వారి వయసుకు తగిన తరగతిలో చేర్చారు. ఆ కృషికి నాయకత్వం వహించిన శాంతా సిన్హా గారికి 2003లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. ఆ పిల్లల తల్లిదండ్రులు ధనవంతులైపోలేదు. మారినది ఏమిటంటే, పిల్లవాడు ఎక్కడ ఉన్నాడో అక్కడి నుండి పాఠం మొదలుపెట్టారు. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నది కూడా ఇదొక్కటే.

శిశు కేంద్రిత బోధన అంటే ఏది, ఏది కాదు

ఈ మాటను ఇప్పుడు ప్రతి బడి తన ప్రకటనలో వాడుకుంటున్నది. రంగురంగుల గోడలు, ప్లాస్టిక్ బొమ్మలు, పుట్టినరోజు వేడుకలు చూపించి అదే శిశు కేంద్రిత విద్య అంటున్నారు. ఇంకొందరు ఇది క్రమశిక్షణ లేని చదువు, పిల్లలను ఇష్టం వచ్చినట్టు వదిలేయడం అని భయపడుతున్నారు. రెండూ సరికాదు.

ఉపాధ్యాయుడు పాఠానికి ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ బిడ్డకు ఇప్పటికే ఏమి తెలుసు? తెలిసినది ఏ భాషలో, ఏ పని ద్వారా తెలుసు? దాని పక్కన పెట్టదగిన తరువాతి మెట్టు ఏది? ఈ మూడింటికి జవాబు వెతుక్కుని చెప్పే పాఠమే శిశు కేంద్రితమైనది. సిలబస్ ఎన్నో పేజీ దాకా వచ్చింది అన్న ఒక్క ప్రశ్నతో నడిచేది పుస్తక కేంద్రితమైనది. మొదటిదానికి ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి.

ఇదేదో పరదేశాల నుండి దిగుమతి అయిన ఆలోచన అనుకోనక్కరలేదు. మన మక్తబ్‌ను ఒకసారి గుర్తుకు తెచ్చుకోండి. ఫజర్ తరువాత మసీదు వరండాలో ఇరవై మంది పిల్లలు కూర్చుంటారు. వారికి ఉండేది ఒకే సబఖ్ కాదు. ఒకడు ఖాయిదాలో మొదటి అక్షరాల దగ్గర ఉంటాడు, ఇంకొకడు అక్షరాలను కలిపి పలుకుతుంటాడు, వేరొకడు నాజిరా మొదలుపెట్టి ఉంటాడు. ఉస్తాద్ ఒక్కొక్కరినీ దగ్గరికి పిలిచి వారి వారి సబఖ్ వింటారు. వచ్చినవాడు ముందుకు వెళ్తాడు, రానివాడు మరునాడు అదే సబఖ్ మళ్లీ చెబుతాడు. పెద్దపిల్లవాడు చిన్నవానికి విని సరిచేస్తాడు. ఏ బిడ్డా పక్కవాని వేగంతో పరుగెత్తనక్కరలేదు. ఎవరి మెట్టు వారిది అన్న ఈ పద్ధతి మన ముంగిట్లోనే ఉంది. అయితే మక్తబ్‌లో ఉన్న కంఠస్థం తిలావత్‌కు అవసరమైనది. దానినే తెచ్చి గణితానికీ, పరిసరాల విజ్ఞానానికీ అంటగట్టితే అర్థం కాని మాటల మూట మాత్రమే మిగులుతుంది. మక్తబ్ నుండి మన బడులు కంఠస్థాన్ని మాత్రం తీసుకున్నాయి, ఎవరి మెట్టు వారిది అన్న అసలు గుణాన్ని వదిలేశాయి.

ఆ గుణాన్ని పట్టుకుని ఒక పూర్తి విధానాన్ని నిర్మించినవారు తెలుగు నేల మీదే ఉన్నారు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ విద్యాసంస్థ చుట్టుపక్కల పల్లెలలో చిన్న బడులు నడిపింది. అక్కడ ఒకే గది, ఒకే ఉపాధ్యాయుడు, అయిదు తరగతుల పిల్లలు. పాఠ్యాంశాలను చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ప్రతి మెట్టుకూ కార్డులు తయారుచేసి, గోడ మీద ఒక నిచ్చెన పటం పెట్టారు. బిడ్డ ఆ పటం చూసి తానెక్కడ ఉన్నదో తెలుసుకుని, తన కార్డు తానే తెచ్చుకుంటుంది. కొన్ని పనులు ఉపాధ్యాయుని దగ్గర కూర్చుని, కొన్ని తోటి పిల్లలతో, కొన్ని తానొక్కతే చేస్తుంది. జ్వరం వచ్చి పది రోజులు బడికి రాకపోయినా, తిరిగి వచ్చాక వదిలిన మెట్టు నుండే మొదలుపెడుతుంది. ఆ పది రోజుల పాఠాలు శాశ్వతంగా పోవు. ఈ పద్ధతిని చూసి 2003లో చెన్నై నగర పాలక సంస్థ బడులు కృత్యాధార బోధనను చేపట్టాయి, తరువాత అది తమిళనాడు అంతటా విస్తరించింది. కూలి పనుల కోసం ఊళ్లు మారే కుటుంబాలు, రంజాన్ మాసంలో, పెళ్లిళ్లలో రోజుల తరబడి బడి మానే పిల్లలు మన బస్తీలలో ఎంతమందో మీకు తెలుసు. వారికి ఇటువంటి పద్ధతి ఎంత అవసరమో ఆలోచించండి.

బొమ్మలు వేలాడదీస్తే సరిపోదు

మన రాష్ట్రంలో ఇటువంటి ప్రయత్నం ఇంతకన్నా పెద్ద ఎత్తున కూడా జరిగింది. 1984లో బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం మొదలైంది. ఇక్కడున్న సీనియర్ ఉపాధ్యాయులకు దాని ఆరు సూత్రాలు నోటికి వచ్చే ఉంటాయి. ఉపాధ్యాయుడు తానే అభ్యసన కృత్యాలు రూపొందించుకోవాలి. పిల్లలు చేసి, కనుగొని, ప్రయోగించి నేర్చుకోవాలి. వ్యక్తిగతంగా, జట్టుగా, తరగతి మొత్తంగా పని జరగాలి. పిల్లల మధ్య ఉండే భేదాలను గమనించాలి. స్థానిక పరిసరాలను వాడుకోవాలి. పిల్లల పనిని ప్రదర్శించి తరగతి గదిని ఆసక్తికరంగా ఉంచాలి. ఈ ఆరింటిలో ఒక్కటి కూడా ఈనాటికీ పాతబడలేదు.

కానీ ఆచరణలో చాలా చోట్ల జరిగినది ఏమిటి? ఆరో సూత్రం అన్నిటికన్నా సులభం. గోడ నుండి గోడకు తాళ్లు కట్టి, వాటికి బొమ్మలు తగిలించారు. పిల్లలను జట్లుగా కూర్చోబెట్టారు. జట్టులో కూర్చున్న పిల్లలు మాత్రం మునుపటి లాగే నల్లబల్ల మీద ఉన్నది పలకలోకి ఎక్కించారు. నాలుగో సూత్రం, అంటే పిల్లల మధ్య భేదాలను గమనించడం, అన్నిటికన్నా కష్టమైనది. అదే వెనుకబడింది. ఇది ఉపాధ్యాయుల తప్పు అని నేననను. అయిదు తరగతులకు ఒకరో ఇద్దరో ఉపాధ్యాయులు, చేతిలో సిలబస్, నెత్తి మీద తనిఖీ అధికారి ఉన్నచోట ఏ మంచి సూత్రమైనా అలంకారంగా మిగిలిపోతుంది. మనం తెలుసుకోవలసిన పాఠం ఒకటే. బడిని చూడటానికి వెళ్లినప్పుడు గోడలు చూడకండి. వెనుక బెంచీలో కూర్చున్న బిడ్డ ఏమి చేస్తున్నదో చూడండి.

ఇంటి భాష, బడి భాష

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి భాష. మన సికింద్రాబాద్ బస్తీలలో ఒక బిడ్డ ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడుతుంది. వీధిలో తెలుగు వింటుంది. మక్తబ్‌లో అరబీ అక్షరాలు నేర్చుకుంటుంది. బడికి వెళ్తే అంతా ఇంగ్లీషు. కోస్తా నుండి, రాయలసీమ నుండి వచ్చిన కొన్ని ముస్లిం కుటుంబాలలో, దూదేకుల కుటుంబాలలో ఇంటి భాష తెలుగే. మనందరి ఇళ్లలోనూ ఒకే భాష ఉందనుకోవడం కూడా పొరపాటే. ఏది ఇంటి భాష అయినా, దానిని బడి గేటు బయటే విడిచి రమ్మంటున్నాము. బడిలో ఉర్దూ మాట్లాడితే, తెలుగు మాట్లాడితే జరిమానా వేసే బడులు ఉన్నాయి. విచిత్రమేమిటంటే, అక్కడ పాఠం చెప్పే ఆపా కూడా చాలాసార్లు అదే బస్తీ అమ్మాయి. ఆమెకూ దక్కనీ వచ్చు, పిల్లలకూ వచ్చు. ఒకరి మాట ఒకరికి తెలిసిన ఇద్దరి మధ్య, ఇద్దరికీ సరిగా రాని భాషను గోడలా నిలబెట్టి, దానికి ఫీజు కడుతున్నాము.

ఒక చిన్న ఉదాహరణ చెబుతాను. ఏడేళ్ల పిల్లవాడు కిరాణా దుకాణానికి వెళ్లి పచ్చీస్ రూపాయల సరుకు కొని, పచ్చాస్ ఇచ్చి, మిగతా చిల్లర లెక్క చూసుకుని వస్తాడు. వానికి తీసివేత తెలుసు. బడిలో అదే లెక్కను ఇంగ్లీషు మాటలలో ఇస్తే నిలబడిపోతాడు. ఉపాధ్యాయుడు వానికి లెక్కలు రావు అని రాస్తాడు. వానికి రానిది లెక్క కాదు, మాట. తరువాత ఇంకొక మెట్టు ఉంది. ఉర్దూలో పచ్చీస్ అన్న మాట వింటే అందులో ఇరవై ఎక్కడ ఉందో, అయిదు ఎక్కడ ఉందో తెలియదు. ఉన్తీస్ అంటే ముప్పైకి ఒకటి తక్కువ అన్నట్టు ఉంటుంది. తెలుగులో ఇరవై అయిదు, ఇరవై తొమ్మిది అనగానే పదులు, ఒకట్లు విడివిడిగా వినిపిస్తాయి. ఈ తేడా తెలిసిన ఉపాధ్యాయుడు పచ్చీస్‌తో మొదలుపెట్టి, చింతగింజలు పదేసి కుప్పలుగా పోయించి, ఇరవై అయిదు అని తెలుగులో చెప్పించి, చివరికి ట్వంటీ ఫైవ్ దగ్గరకు తీసుకువెళ్తాడు. మూడు భాషలు ఉండటం అప్పుడు భారం కాదు, బలం. స్థానవిలువ అన్న కఠినమైన పాఠం ఆ కుప్పల దగ్గరే అర్థమవుతుంది.

లిపి విషయం కూడా ఇంతే. మన బిడ్డ ఉదయం కుడి నుండి ఎడమకు చదివి, తొమ్మిది గంటలకు ఎడమ నుండి కుడికి చదవాలి. ఒక లిపిలో అక్షరం పదం మొదట ఒక రూపంలో, మధ్యలో ఒక రూపంలో ఉంటుంది. ఇంకొక దానిలో గుణింతాలు, ఒత్తులు ఉంటాయి. మొదట్లో కొందరు పిల్లలు అక్షరాలను తిరగేసి రాస్తే అది మందబుద్ధి కాదు. ఒక్కొక్క లిపి కాస్త కుదురుకున్నాక తరువాతిది మొదలుపెడితే ఈ తడబాటు త్వరగా పోతుంది. 2018 చట్టం ప్రకారం తెలంగాణలో అన్ని బడులలోనూ తెలుగు నేర్పాలి. అది మన పిల్లలకు మేలే, ఈ రాష్ట్రంలో బతకవలసినవారికి తెలుగు కావాలి. అయితే ఇంట్లో ఉర్దూ మాట్లాడే బిడ్డకు తెలుగును ఇంట్లో తెలుగు మాట్లాడే బిడ్డకు చెప్పినట్టు చెప్పకూడదు. ముందు వినడం, మాట్లాడటం, ఆ తరువాతే రాయడం.

ఇక్కడ ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. ధనికుల పిల్లలు ఇంగ్లీషులో చదివి పైకి పోతుంటే, మా పిల్లలను ఉర్దూకూ తెలుగుకూ కట్టేస్తారా? ఈ అనుమానం న్యాయమైనది. ఇంగ్లీషు వద్దని నేను చెప్పడం లేదు. ఇంగ్లీషు బాగా రావాలనే చెబుతున్నాను. చదవడం అనే విద్య బిడ్డకు ఒక్కసారే పట్టుబడుతుంది. తెలిసిన మాటల మీద అది పట్టుబడితే, దానిని ఏ భాషకైనా మార్చుకోగలదు. తెలియని మాటల మీద మొదలుపెడితే అక్షరాలు పలకడం వస్తుంది, చదవడం రాదు. అయిదో తరగతి పిల్లలు ఇంగ్లీషు పాఠాన్ని గడగడా అప్పజెప్పి, అందులో ఒక వాక్యానికి అర్థం అడిగితే మౌనంగా నిలబడటం మీరు చూడలేదా? కనీసం అయిదో తరగతి వరకు, వీలైన ప్రతిచోటా ఇంటి భాషలో బోధించాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పడానికి కారణం ఇదే. రాజ్యాంగంలోని 350ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధన వసతులు కల్పించాలని అంతకు ఎన్నో దశాబ్దాల ముందే చెప్పింది.

మన చరిత్ర కూడా రెండు వైపులా ఇదే చెబుతున్నది. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం వైద్యాన్ని, ఇంజనీరింగును కూడా ఉర్దూలో బోధించి, దేశభాషలో ఉన్నత విద్య సాధ్యమేనని నిరూపించింది. ఆ ఘనతను మనం గర్వంగా చెప్పుకుంటాము. అదే కాలంలో ఈ సంస్థానంలో అధిక సంఖ్యాకులైన తెలుగు పిల్లలు తమది కాని భాషలో చదవవలసి వచ్చింది. 1930లో జోగిపేటలో తొలి సమావేశం జరుపుకున్న నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ తెలుగులో బోధన కోసం గొంతెత్తింది. ఆ కోరిక న్యాయమైనది. ఆనాడు తెలుగు బిడ్డ పడిన ఇబ్బందిని మనం ఒప్పుకున్నప్పుడే, ఈనాడు మన బిడ్డ పడుతున్న ఇబ్బందిని చెప్పే నైతిక అర్హత మనకు ఉంటుంది. బిడ్డకు తన మాటలో పాఠం వినే హక్కు మతాన్ని బట్టి, పాలకులను బట్టి మారేది కాదు.

హైదరాబాదులో పుట్టిన ఒక ఉపాధ్యాయుడు

ఈ ఆలోచనకు దేశమంతటా గౌరవం తెచ్చినవారిలో ఒకరు మన నగరంలోనే, 1897లో పుట్టారు. ఆయన డాక్టర్ జాకిర్ హుసేన్. భారత రాష్ట్రపతిగా ఆయనను అందరూ ఎరుగుదురు. అంతకు ముందు రెండు దశాబ్దాలకు పైగా ఆయన జామియా మిల్లియా ఇస్లామియాను నడిపారు. బెర్లిన్‌లో పరిశోధన చేసి వచ్చిన ఆ పండితుడు ప్రాథమిక బడి పిల్లల చదువును చిన్న పనిగా ఎంచలేదు. పిల్లల కోసం స్వయంగా కథలు రాశారు. 1937లో వార్ధాలో గాంధీజీ ఏర్పాటుచేసిన విద్యా సదస్సు ఆయన అధ్యక్షతన ఒక కమిటీని నియమించింది. మాతృభాషలో, చేతిపనితో ముడిపడిన ఏడేళ్ల ఉచిత నిర్బంధ విద్య కావాలని ఆ కమిటీ సిఫారసు చేసింది. జామియాలో చిన్నపిల్లల చదువును తీర్చిదిద్దినవారిలో గెర్డా ఫిలిప్స్‌బోర్న్ అనే జర్మన్ యూదు మహిళ ఒకరు. 1930ల తొలి సంవత్సరాలలో జర్మనీని విడిచి వచ్చి, పిల్లలకు ఆపాజాన్ అయి, 1943లో ఇక్కడే కన్నుమూశారు. ఒక ముస్లిం విద్యాసంస్థ అటువంటి ఉపాధ్యాయినిని గుండెలకు హత్తుకుంది. పిల్లల పట్ల ప్రేమ, పని పట్ల శ్రద్ధ, ఈ రెండే అక్కడ అర్హతలు. మన మైనారిటీ విద్యాసంస్థలు తమ వారసత్వాన్ని ఎక్కడ వెతుక్కోవాలంటే, అక్కడ వెతుక్కోవాలి.

చట్టం ఆగిన చోట మన బాధ్యత

ఇప్పుడు చట్టం సంగతి. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం బడిలో సీటు ఇవ్వడంతో ఆగలేదు. దాని 29వ సెక్షను చదువు ఎలా ఉండాలో కూడా చెప్పింది. కృత్యాల ద్వారా, అన్వేషణ ద్వారా, బిడ్డకు అనుకూలమైన రీతిలో నేర్పాలి. వీలైనంత వరకు మాతృభాషలో బోధించాలి. బిడ్డను భయం, ఆందోళన లేకుండా ఉంచి, తన అభిప్రాయాన్ని స్వేచ్ఛగా చెప్పనివ్వాలి. 17వ సెక్షను శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. అంటే శిశు కేంద్రిత బోధన ఎవరి దయాదాక్షిణ్యమో కాదు, చట్టం ఒప్పుకున్న హక్కు.

అయితే మన విషయంలో ఒక చిక్కు ఉంది. 2014 మే 6న ప్రమతి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం మైనారిటీ విద్యాసంస్థలకు విద్యాహక్కు చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. 30వ అధికరణం మనకు ఇచ్చిన స్వయం నిర్వహణ హక్కును అది కాపాడింది. ఆ తీర్పును విస్తృత ధర్మాసనం మళ్లీ పరిశీలించాలని 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం అభిప్రాయపడింది. న్యాయస్థానం రేపు ఏమి చెప్పినా, ఈరోజు మనల్ని మనం అడగవలసిన ప్రశ్న ఒకటుంది. బయటి జోక్యం నుండి మన సంస్థకు దొరికిన రక్షణ, ఆ సంస్థలో చదివే మన బిడ్డ రక్షణను తగ్గించడానికా? 30వ అధికరణం నిర్వాహకుని సౌకర్యం కోసం పుట్టలేదు, సమాజం తన పిల్లలకు తాను కోరుకున్న మంచి చదువు ఇచ్చుకోవడానికి పుట్టింది. బెత్తం పట్టుకునే హక్కును, ఒక గదిలో అరవై మందిని కుక్కే హక్కును ఏ అధికరణమూ ఇవ్వలేదు. చట్టం ఆజ్ఞాపించని చోట కూడా ఆ 17, 29 సెక్షన్లను మన సంస్థలు తమంతట తాముగా నియమాలుగా రాసుకోవాలి. అప్పుడే స్వయం నిర్వహణ హక్కు కోసం మనం చేసే వాదనకు బలం వస్తుంది.

ప్రభుత్వాన్ని అడగవలసినవీ ఉన్నాయి. విద్యాహక్కు చట్టం ఉంది కదా అన్న కారణం చూపి, 2022లో కేంద్ర ప్రభుత్వం ఒకటి నుండి ఎనిమిదో తరగతి వరకు మైనారిటీ విద్యార్థుల ప్రీమెట్రిక్ ఉపకార వేతనాలను నిలిపివేసింది. చిన్న తరగతుల పిల్లలకు ఉన్న ఆ కాస్త ఆసరా పోయింది. తెలంగాణలో 2016లో మొదలై 204 సంస్థలుగా విస్తరించిన మైనారిటీ గురుకులాలు ఎందరో పేద పిల్లలకు దారి చూపాయి. కానీ అవి అయిదో తరగతి నుండి మొదలవుతాయి. ఒకటి నుండి నాలుగు వరకు పునాది పడవలసిన ఏళ్లలో మన బిడ్డ ఎక్కడ ఉంది? ఉర్దూ మాధ్యమ ప్రభుత్వ బడులలో ఉపాధ్యాయ పోస్టులు అర్హులైన అభ్యర్థులు దొరకక ఖాళీగా మిగిలిపోతుంటే, ఆ బడులను పిల్లలు లేరని తప్పు పట్టడం న్యాయమా? 2022 ఆగస్టు 15న రాష్ట్ర ప్రభుత్వం ప్రారంభించిన తొలిమెట్టు కార్యక్రమం, ప్రతి బిడ్డ స్థాయిని పరీక్షించి ఆ స్థాయి నుండి నేర్పాలన్న మంచి ఉద్దేశంతో వచ్చింది. అది ప్రభుత్వ బడులకు పరిమితం. గల్లీలలోని చిన్న ప్రైవేటు బడుల ఉపాధ్యాయులకు కూడా ఆ శిక్షణను, ఆ సామగ్రిని అందించమని అడుగుదాము.

మనం చేయగలిగినవి

చివరిగా, ఎవరి అనుమతీ అక్కరలేకుండా మనం చేసుకోగల పనులు కొన్ని చెబుతాను.

తల్లిదండ్రులకు. మార్కుల కాగితం చూసి సంతృప్తి పడకండి. మీ బిడ్డ ఇదివరకు చూడని ఒక చిన్న కథ ఇచ్చి చదవమనండి. తరువాత ఆ కథ మీ ఇంటి భాషలో చెప్పమనండి. చెప్పగలిగితే చదువు వస్తున్నట్టు. మీకు అక్షరాలు రాకపోయినా ఈ పరీక్ష మీరు చేయగలరు, వినడానికి చదువు అక్కరలేదు. రోజూ పది నిమిషాలు బిడ్డ చెప్పేది వినండి. నానీమా చెప్పే కథలు, సామెతలు, పొడుపు కథలు అన్నీ చదువులో భాగమే. తెల్లవారుజామున మక్తబ్, పగలంతా బడి, సాయంత్రం ట్యూషన్ అని బిడ్డ రోజును ఖాళీ లేకుండా నింపకండి. ఆడుకునే గంట కూడా చదువుకునే గంటే.

ఉపాధ్యాయులకు. మీ జీతాలు చాలవని తెలుసు, దాని గురించి నిర్వాహకులతో గట్టిగా మాట్లాడవలసిన బాధ్యత ఈ సదస్సుది. మీరు మాత్రం వారంలో ఒక రోజు పాఠం ఆపి, ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. కొత్త పాఠం ముందు బిడ్డ ఇంటి మాటలో చర్చించండి. ముందున్న పిల్లలు వెనుకబడిన పిల్లలకు సాయం చేసేలా జట్లు కట్టండి. చింతగింజలు, అగ్గిపుల్లలు, పాత క్యాలెండర్లు, మొండా మార్కెట్‌లో కూరగాయల ధరలు, రైలు టికెట్లు, వీటిని మించిన బోధనోపకరణాలు సికింద్రాబాద్‌లో వేరే అక్కరలేదు.

నిర్వాహకులకు. బెత్తాన్ని, భాషా జరిమానాలను ఈరోజే ఎత్తివేయండి. ఒకటి, రెండు తరగతులను మీ దగ్గరున్న అందరికన్నా మంచి ఉపాధ్యాయులకు అప్పగించండి. సాధారణంగా అందరికన్నా కొత్తవారికి అప్పగిస్తాము, అది తలకిందులు పద్ధతి. చట్టం అడిగినా అడగకపోయినా తల్లులు సగం మంది ఉండే పాఠశాల కమిటీ వేసుకోండి.

మసీదు కమిటీలకు. మక్తబ్ జరిగే వరండాలో ఒక అలమారా పెట్టి, ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు బాలల పుస్తకాలు ఉంచండి. ఆడపిల్లలకూ అందే వేళలు పెట్టండి. బడి మానేసిన పిల్లల పేర్లు మొహల్లా వారీగా ముందుగా తెలిసేది మీకే. ఆ జాబితా మీ దగ్గర ఉంటే, ఒక్కొక్క బిడ్డ ఇంటికి వెళ్లి మాట్లాడటానికి మనుషులను కూడగట్టవచ్చు.

జూన్ 12న బడులు తిరిగి తెరుస్తారు. ఆలోగా ఈ గదిలో ఉన్న ప్రతి బడి తన మూడో తరగతి పిల్లలందరితో ఒక పేజీ చదివించి చూడాలని, ఎంతమంది అర్థం చేసుకుని చదవగలిగారో దాచకుండా రాసుకోవాలని ఈ సదస్సు తీర్మానించాలని కోరుతున్నాను. ఆ అంకె ఎంత చిన్నదైనా సిగ్గుపడనక్కరలేదు. మన పని ఎక్కడ మొదలుపెట్టాలో అది చూపిస్తుంది. పై చదువుల సీట్ల కోసం, ఉద్యోగాల కోసం మనం చేసే పోరాటం ఆగకూడదు. ఆ సీటు దాకా నడిచి వచ్చే పిల్లలు ఈ మూడో తరగతి గదులలోనే ఉన్నారు. వారిలో ఒక్కరిని కూడా మధ్యలో జారవిడువకుండా చూసుకోవడం ఆ పోరాటంలో మన వంతు.

 అల్లాహ్ మన పిల్లలకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని ప్రసాదించుగాక. వస్సలాం.